పెళ్ళిబుట్ట, పొడిపంచె

మద్రాసు నుండి సింగపూర్‌కు విమానమార్గాన సుమారు రెండువేల తొమ్మిదివందల కిలోమీటర్లు. ప్రయాణకాలం నాలుగు గంటల పది నిమిషాలు. గడియారాన్ని రెండున్నర గంటలు ముందుకు జరుపుకోవాలి. నా సీటు ముప్పై ఒకటి సి. అక్కడి నుండి వెనుకనున్న మరుగుదొడ్డికి తొమ్మిది వరుసలు. నా అడుగుల్లో పద్నాలుగు. యాత్రలు రాసేవారు సాధారణంగా ఈ చివరి లెక్క రాయరు. నా ప్రయాణానికి మాత్రం అదే మొదటి లెక్క.

కారణం ముందే చెబుతాను. నేను నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యాను. సర్వీసులో సగం ఒక పెద్ద ఆనకట్ట లోపలి సొరంగంలో ఊటను కొలవడంతోనే గడిచింది. ఎంత గట్టి కట్టడమైనా కొంత నీరు ఊరుతుంది. ఊరుతోందా అని అక్కడ ఎవరూ అడగరు. ఎంత ఊరుతోంది, ఊరిన నీటికి దారి ఏర్పాటు చేశారా అని అడుగుతారు. రిటైరైన ఏడాదే నాకు ప్రోస్టేట్ గ్రంథికి ఆపరేషన్ జరిగింది. జబ్బు పోయింది. దానితోపాటు మూత్రం మీద అదుపు కూడా కొంత పోయింది. తుమ్మినా, దగ్గినా, కుర్చీలోంచి లేచినా, నీళ్ళ బకెట్టు ఎత్తినా కొద్దిగా జారుతుంది. నేనూ నా భార్య సుశీలా ఇంట్లో దాన్ని 'ఊట' అనేవాళ్ళం. మూడో మనిషికి చెప్పలేదు. పాత పంచెలు మడతపెట్టి, అడుగున ప్లాస్టిక్ ముక్క వేసి సుశీల కుట్టిన గుడ్డలే ఆధారం. అవి గంటసేపు ఆగుతాయి. ఎనిమిది నెలలుగా నేను ఇంటికి కిలోమీటరున్నర దాటి వెళ్ళలేదు.

ఇప్పుడు దాటవలసి వచ్చింది. ఇరవై రెండేళ్ళుగా సింగపూర్‌లో స్థిరపడిన మా చెల్లెలు ఇందిర కూతురు మాధవికి పెళ్ళి. మా వైపు పెళ్ళికూతురిని వెదురుబుట్టలో కూర్చోబెట్టి మేనమామ మండపానికి మోసుకురావాలి. ఇందిరకు తోడబుట్టినవాణ్ణి నేనొక్కణ్ణే. నా శరీరానికి పడని పనులన్నిటిలోకీ ముఖ్యమైనది బరువెత్తడం. అదీ తెల్లపంచె కట్టుకుని, మూడువందల మంది చూస్తుండగా.

ముప్పై ఒకటి సి

విమానంలో నేను మంచినీళ్ళు కూడా పుచ్చుకోలేదు. కిటికీ పక్క సీటులో సుశీల. నడవకు అవతలి సీటులో ఇరవై నాలుగేళ్ళ ఏలూరు కుర్రవాడు. పాయా లేబర్‌లో ఒక కంప్యూటర్ కంపెనీలో చేరడానికి పోతున్నాడు. కంప్యూటర్లకు రెండువేల సంవత్సరం తెచ్చిన రెండు సున్నాల భయం తీరి, కొత్త ఆశలు పుట్టిన ఏడాది అది. విమానంలో సగం మంది అతనిలాంటివారే.

"అంకుల్, మీరు ఏ ప్లాట్‌ఫామ్?" అని అడిగాడు.

"నేను సివిల్, బాబూ."

"సివిలా? వినలేదంకుల్. కొత్త లాంగ్వేజా?"

సుశీల కొంగు అడ్డుపెట్టుకుని నవ్వింది. నాకూ నవ్వు వచ్చింది. నవ్వుతోపాటు ఊటా వచ్చింది. మిగిలిన రెండు గంటలూ మడిచిన దినపత్రిక మీద కూర్చుని, ఎదుటి తెరపై విమానం బొమ్మ సముద్రాన్ని దాటడం చూస్తూ గడిపాను.

బెడోక్, పదో అంతస్తు

ఇందిర వాళ్ళుండే బెడోక్ విమానాశ్రయానికి పది కిలోమీటర్లలోపే. పన్నెండంతస్తుల భవనాలు, ఒక్కొక్కదాని గోడ మీద ఆమడ దూరానికి కనబడేటంత అంకె. లిఫ్టు ప్రతి అంతస్తులోనూ ఆగదు. ఒకటి, ఐదు, తొమ్మిది. పదో అంతస్తువాళ్ళు తొమ్మిదిలో దిగి మెట్లెక్కాలి. భవనానికి కింది అంతస్తు మొత్తం గోడల్లేని ఖాళీ జాగా. అక్కడే పెళ్ళిళ్ళు, అక్కడే చావులు, అక్కడే పిల్లల ఆటలు. ఇంత ఖరీదైన నేల మీద ఇంత జాగా ఎవరిదీ కాకుండా వదిలిన నగరాన్ని నేనెక్కడా చూడలేదు.

మాధవి పుట్టి పెరిగింది అక్కడే. తెలుగు అర్థమవుతుంది, జవాబు ఇంగ్లీషులో వస్తుంది, వాక్యం చివర 'లా' అనే తోకతో.

"మామా, యూ క్యారీ మీ, ఓకే ఆ? ఐ యామ్ వెరీ లైట్ లా. జిమ్‌కి కూడా వెళ్తున్నా."

నేను దారిలో సిద్ధం చేసుకున్న అబద్ధం చెప్పాను. "నడుం పట్టేసిందమ్మా. డాక్టరు బరువులు వద్దన్నాడు."

ఇందిర ముఖంలో రంగు మారింది. అయినా వెంటనే సర్దుకుంది. "పోనీలే అన్నయ్యా. నడిపించే తీసుకొద్దాం. నీ ఆరోగ్యం కంటేనా?" అని లోపలికి వెళ్ళింది. వరండాలో, కొత్తగా రంగువేసిన బుట్ట కనబడుతోంది. రాజమండ్రిలో అల్లించి, ఓడ సరుకుల్లో వేయించి తెప్పించారట. దానికి గులాబిరంగు గుడ్డ కుట్టింది ఇందిరే.

ఆకుపచ్చ పాకెట్టు

మర్నాడు ఉదయం మా అత్తయ్యగారు పిలిచారు. ఆమె ఇందిర అత్తగారు, మా బావగారి తల్లి. కాకినాడ మనిషి. ఎనభై దాటినా గొంతు తగ్గలేదు.

"అబ్బాయ్, కింద సూపర్‌మార్కెట్‌కు వెళ్తున్నారటగా. నా పాకెట్టు ఒకటి తెచ్చిపెట్టు. ఆకుపచ్చది. ఎమ్ సైజు."

"ఏం పాకెట్టండీ?"

"ఆకుపచ్చదంటే వాళ్ళే చూపిస్తారు. ఎల్ తేకు, నాకు జారిపోతుంది."

బట్టలేమో అనుకున్నాను. సుశీలా నేనూ వెళ్ళి అక్కడి అమ్మాయిని అడిగితే, బియ్యం సంచులు దాటించి, బిస్కెట్లు దాటించి, ఒక అల్మరా వరుస ముందు నిలబెట్టి వెళ్ళిపోయింది.

ఆ వరుస ఆరు మీటర్ల పొడవుంది. నేల నుండి నా తలకు పైన ఒక మూర వరకు పాకెట్లే. చంటిపిల్లలవి కావు. పాకెట్ల మీద నెరిసిన జుట్టు దంపతులు, సైకిలు తొక్కుతూ, మనవలను ఎత్తుకుని నవ్వుతున్న బొమ్మలు. మూత్రం ఆపుకోలేని పెద్దవాళ్ళు వాడి పారవేసే లోదుస్తులు. నాలుగు కొలతలు, ప్రతిదానికీ నడుము ఎన్ని సెంటీమీటర్లో అచ్చు వేసి ఉంది. పగటికి వేరు, రాత్రికి వేరు. పక్కకు అంటించే పట్టీలున్నవి వేరు, లాగుల్లా తొడుక్కునేవి వేరు. ఇలాంటిదొకటి ఉందని మా ఊళ్ళో సర్జికల్ షాపులో, ఎవరికోసమో అన్నట్టు అడిగి విన్నాను. "ఆర్డరిస్తే హైదరాబాదు నుండి వస్తుందేమో" అని షాపువాడు గొంతు తగ్గించి చెప్పాడు. ఇక్కడ పట్టపగటి దీపాల కింద, కాఫీపొడికి ఎదురుగా, ధర చీటీతో. గోపురం ముందు మొదటిసారి నిలబడ్డ పల్లెటూరి వాడిలా నేను అలాగే ఉండిపోయాను. ఈ అల్మరా నిండా సరుకుందంటే కొనేవాళ్ళు అంతమంది ఉన్నారన్నమాట. లోకంలో ఊట నాకొక్కడికే లేదు.

డెబ్బై ఏళ్ళ చీనా పెద్దమనిషి ఒకాయన వచ్చి, నన్ను దాటి చేయిచాచి, రెండు పాకెట్లు తీసుకున్నాడు. నా తటపటాయింపు చూసి ఆగాడు.

"అంకుల్, ఫర్ యువర్ మదర్ ఆ?"

"అవును, మదర్," అన్నాను. అది సగం నిజం.

"మైన్, ఫర్ మీ," అని తన నడుము మీద తట్టుకున్నాడు. "ఎవ్రీ మార్నింగ్ ఎక్సర్‌సైజ్, ఆఫ్టర్ దట్ కాఫీ. నో ప్రాబ్లమ్ లా."

ఫలానా బియ్యం వండితే అన్నం బాగుంటుందని చెప్పినట్టు చెప్పి, బండి తోసుకుంటూ పోయాడు.

సుశీల ఆకుపచ్చ ఎమ్ పాకెట్టు పక్కన నీలం ఎల్ పాకెట్టు పెట్టింది. పది లోదుస్తుల పాకెట్టు పదకొండు డాలర్ల తొంభై సెంట్లు. అంటే ఒక్కొక్కటీ ముప్పై రూపాయలు, మా ఊళ్ళో హోటల్లో భోజనం. లెక్కకట్టి నేను వెనక్కు పెట్టబోతే, "ఎనిమిది నెలల భోజనాలు మిగిల్చారుగా, బయటకు పోకుండా," అంది.

స్నానాలగదిలో ప్రయోగం

నేను నమ్మకంతో వాడే మనిషిని కాను. తలుపు గడియపెట్టి, కొలతగీతలున్న ప్లాస్టిక్ జగ్గుతో ఒక లోదుస్తులో వంద మిల్లీలీటర్ల చొప్పున నీళ్ళు పోశాను. వంద, రెండువందలు, మూడువందలు. ప్రతిసారీ నీరు ఒక్క క్షణం మెరిసి మాయమైంది. ఐదువందల దగ్గర ఆపి, పైన పొడి కాగితం వేసి, నా బరువంతా మోపి మడమతో తొక్కాను. కాగితం దాదాపు పొడిగానే ఉంది. ఒక మూల కత్తిరించి చూశాను. దూదిలో పంచదార రవ్వలాంటి పొడి. నీరు తగిలిన చోటల్లా అది సగ్గుబియ్యం జావలా ఉబ్బి బిగిసింది. నీటిని ఆపడానికి మేము రాయి, సిమెంటు, సీసం వాడాం. నీటిని ఆపకుండా రానిచ్చి, వచ్చినదాన్ని అక్కడే కూర్చోబెట్టడం అనే ఆలోచన నాకు ఎప్పుడూ తట్టలేదు. అది తట్టినవాడికి ఆ గదిలో నిలబడే నమస్కారం పెట్టాను.

బయటకు వచ్చేసరికి అత్తయ్యగారు నీలం పాకెట్టు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

"ఎల్ ఎవరికిరా?"

సుశీల నేల చూసింది. నేనే చెప్పాను. నడుము నొప్పి మాట అబద్ధమనీ చెప్పాను.

ఆమె ఆశ్చర్యపోలేదు. "నాకు మూడో కాన్పుతో పట్టుకుంది. ఇరవై ఏడేళ్ళ వయసప్పుడు. మైల అనుకుని నలభై ఏళ్ళు గుడి మెట్టెక్కలేదు. పేరంటానికి పిలిస్తే ఒంట్లో బాగోలేదనేదాన్ని. పొగరనుకున్నారు జనం. ఈ ఊరొచ్చాకే ఇవి చూశాను. ఇప్పుడు శుక్రవారం శుక్రవారం గుడికి పోతున్నా."

"ఇది కట్టుకుని గుడికి వెళ్ళవచ్చంటారా?" నాకు నిజంగా సందేహమే. పెళ్ళి మండపమూ అటువంటి చోటే.

"ఏరా ఇంజనీరూ, గుడికి వచ్చేవాళ్ళందరూ దాన్ని పొట్టలో పెట్టుకునే కదరా వస్తున్నారు? లోపల ఉన్నంతసేపూ ఎవరికీ మైల కాదు. నీదీ నాదీ రెండంగుళాలు ఇవతల ఉంది. అంతే తేడా."

వేదపండితుల వాదాలు విన్నాను గాని, కొలతతో సహా ఇంత తేల్చి చెప్పిన వాదం వినలేదు.

శుక్రవారం, సెరంగూన్ రోడ్డు

శుక్రవారం అత్తయ్యగారితో కలిసి మేము ముగ్గురం రైలెక్కాం. బెడోక్ నుండి బూగిస్ ఏడో స్టేషను. పట్టాలు చాలాదూరం ఇళ్ళ ఎత్తున పోతాయి. కిటికీల్లోంచి వెదురుకర్రలకు జెండాల్లా ఆరేసిన బట్టలు కనబడతాయి. పాయా లేబర్‌లో మెడలో గుర్తింపుకార్డులు, నడుముకు సెల్‌ఫోన్లు వేసుకున్న కుర్రకారు గుంపుగా దిగింది. పెట్టెలో ఎక్కడా చెత్త లేదు, కేకలు లేవు. రైల్లో మరుగుదొడ్డి కూడా లేదు. ఆ సంగతి నాకు దిగిన తరువాత గాని గుర్తురాలేదు. ఎనిమిది నెలల్లో దాన్ని గుర్తుపెట్టుకోకుండా నేను చేసిన మొదటి ప్రయాణం అది.

సెరంగూన్ రోడ్డు మీది గుడిలో నిలబడ్డాను. తరువాత ఎండలో నడిచాను. చెరుకురసం తాగాను, ఒక డాలరు. కొబ్బరిబోండాం తాగాను. తాగగలిగినందుకే తాగాను. అరటాకు భోజనం ఐదు డాలర్లు. సాంబారులో ఇంగువ సరిగానే ఉంది, గోంగూర మాత్రం అడిగితే నవ్వారు. కాఫీ అడిగితే మందపాటి పింగాణీ కప్పులో అడుగున డబ్బా గడ్డపాలు, పైన నల్లటి డికాక్షన్ పోసి ఇచ్చారు. రెండు కప్పులు తాగాను.

లేస్తుండగా సుశీల నా మోచేయి పట్టుకుంది. "చొక్కా," అంది.

కుడివైపు, నడుము దగ్గర, అరచేతి వెడల్పున తడి. తొడల దగ్గర లేదు. కింద లేదు. పైన ఉంది. నీరు పల్లానికి పోవాలి. నాది మిట్టకు ఎక్కింది. అత్తయ్యగారి శాలువా నడుముకు చుట్టుకుని ఇల్లు చేరాను. దారి పొడుగునా ఒకటే ఆలోచన. ఇక్కడే ఇలా అయితే మండపంలో ఏమవుతుంది? వెళ్ళేటప్పుడు ఇందిరతో నడుం కాస్త తగ్గిందని కూడా అన్నాను. ఆ ఆశ పెట్టకుండా ఉండవలసింది.

వత్తి

ఇంట్లో విప్పి పరీక్షించాను. లోపం లోదుస్తుది కాదు. నా మొలతాడుది.

ఆపరేషన్ నాడు ఆసుపత్రిలో పాత మొలతాడు కత్తిరించారు. ఇంటికి వచ్చినరోజే సుశీల కొత్త నల్లతాడు కట్టింది, ముడి వేశాక కొస నాలుగంగుళాలు వదిలి. తొడుక్కునేటప్పుడు ఆ కొస లోపలికి పోయింది. తాడు పైన, నడుము చుట్టూ. కొస కింద, తడిలో. నూలు తడిని పీల్చి పైకి మోసింది. రెండు గ్లాసులు తెచ్చి, ఒకదానిలో నీళ్ళు పోసి, దారం ఒక కొస అందులో, రెండో కొస ఖాళీ గ్లాసులో వేసి అత్తయ్యగారికి చూపించాను. కాసేపటికి ఖాళీ గ్లాసులో బొట్టు పడింది.

"దీనికి గ్లాసులెందుకురా? దీపానికి వత్తి వేసినట్టు వేసుకున్నావు," అన్నారామె.

పాకెట్టు మీద ఏడు భాషల్లో సూచనలున్నాయి. మొలతాడు సంగతి ఒక్కదానిలోనూ లేదు. మనవాళ్ళు తప్ప ఈ తప్పు ఎవరూ చేయలేరు.

కత్తెర తెమ్మన్నాను. సుశీల ఇవ్వలేదు. "ఒకసారి కత్తిరించారు, చాలు. ఆ రోజు అది పొట్లం కట్టి నా చేతిలో పెట్టారు. మళ్ళీ చూడలేను." ఎనిమిది నెలల్లో ఆమె ఆ రోజు గురించి మాట్లాడటం అదే మొదలు.

అత్తయ్యగారు ఆమెను పక్కన కూర్చోబెట్టుకున్నారు. "తాడు వేరు, తోక వేరు తల్లీ. తాడు తెగితే దోషం. తోకకు దోషమేముంది? మీ మేనకోడలి మాటకు చివర తోక లేదూ? కోసేసినా అర్థం చెడదు." నవ్వుతూనే కళ్ళు తుడుచుకుని, సుశీలే తన చేత్తో ముడి దగ్గరకు కత్తిరించింది. ఆ సాయంత్రం రెండు గంటలు మెట్లెక్కి దిగి పరీక్షించాను. చొక్కా పొడిగా ఉంది. ఇందిర దగ్గరకు వెళ్ళి, "బుట్ట సిద్ధం చెయ్యి," అన్నాను.

ఆదివారం, తొమ్మిది నలభై

పెళ్ళి గుడి పక్క కల్యాణమండపంలో. బుట్టకు రెండో వైపు అప్పలనాయుడు. శ్రీకాకుళం మనిషి, మా బావగారు పనిచేసే ఓడల యార్డులో పైపులు అతుకుతాడు. మాధవి చిన్నప్పటి నుండి "నాయుడు మావయ్యా" అని పిలుస్తుంది కనుక వరస కలిసింది.

"బాబూ, నడుం నొప్పంట కదా. ఎత్తీగలరా? నేదంటే బరువంతా నాపక్కకి తోసీండి. మేము రోజూ ఎత్తే పైపుల ముందు ఈ పిల్లెంత?"

"సమానంగా ఎత్తుదాం నాయుడూ. ఒరిగితే పెళ్ళికూతురు నీ ఒళ్ళో పడుతుంది."

"పడితే మాయావిడ నన్నొగ్గదు బాబూ," అన్నాడు.

నగలతో, చీరతో, బుట్టతో కలిపి యాభై ఎనిమిది కిలోలు. నా వాటా ఇరవై తొమ్మిది. గది నుండి మండపానికి ఇరవై రెండు మీటర్లు, చివర మూడు మెట్లు. సన్నాయి మొదలైంది. వంగి పట్టుకుని, లేచాను. లేచిన క్షణాన ఊట వచ్చింది, అనుకున్నదానికంటే ఎక్కువగానే. వచ్చింది, వెచ్చగా తగిలింది, ఆగిపోయింది. దాని దారి దానికి ఉంది. నా దారిన నేను నడిచాను.

కొబ్బరిబోండాం పట్టుకున్న మాధవి తల వంచుకునే అడిగింది. "మామా, బ్యాక్ ఓకే ఆ?"

"ఓకే లా," అన్నాను.

ఆమె నవ్వడంతో బుట్ట కదిలింది. మూడో మెట్టు మీద మళ్ళీ కొంచెం వచ్చింది. ఇందిర మండపం మీద నిలబడి మమ్మల్నే చూస్తోంది. బుట్ట దింపి, నిటారుగా నిలబడి, ఎవరూ గమనించకుండా పంచె కుచ్చిళ్ళ మీద చేయి వేసి చూసుకున్నాను. ఇస్త్రీ మడత ఇంకా కరకరలాడుతోంది. ఎదుట మొదటి వరుసలో అత్తయ్యగారు నా పంచె కేసి ఒకసారి చూసి, తృప్తిగా తలపంకించి, పక్కావిడతో కబుర్లలో పడ్డారు.

భోజనాల దగ్గర మజ్జిగ రెండుసార్లు వేయించుకున్నాను.

మద్రాసు, కస్టమ్స్ బల్ల

సింగపూర్ నుండి దిగిన ప్రతి పెట్టెలోనూ కెమెరానో టేప్‌రికార్డరో ఉంటుందని ఆ బల్ల దగ్గరి అధికారి నమ్మకం. నా పెట్టె తెరిచి, ఆరు నీలం పాకెట్లు బల్ల మీద పేర్చాడు. వెనుక వరుసలో ముప్పై మంది.

"వాట్ ఈజ్ దిస్? ఫర్ హూమ్?"

సుశీల నోరు తెరవబోయింది. తల్లికని చెప్పడం సులువు. నేను ఆమెను ఆపాను.

"ఫర్ మీ," అని, ఆ చీనా పెద్దమనిషి తట్టుకున్నట్టే నడుము మీద తట్టుకున్నాను.

అధికారి పాకెట్లు తానే తిరిగి సర్ది, పెట్టె మూసి, సుద్దతో గుర్తు వేశాడు.

లెక్క

పాకెట్లు ఏడు, డాలర్లు ఎనభై మూడు, సెంట్లు ముప్పై. రూపాయల్లో రెండువేల నూట ఇరవై చిల్లర. వాడినవీ ప్రయోగంలో కోసినదీ పది. ఇంటికి చేరినవి అరవై. రోజుకు రెండు చొప్పున నెల రోజులు. ఆ తరువాత దొరకవు కనుక ఊరు దాటే రోజులకు, పెళ్ళిళ్ళకు మాత్రమే తీస్తున్నాను. వాడినవాటిని అక్కడ వంటింటి గోడలోని చెత్తగొట్టంలో వేస్తే పదంతస్తులు దిగిపోయేవి. ఇక్కడ ఎక్కడ వేయాలో ఇంకా తేలలేదు.

పోయినవి: రైల్లో మరచిన గొడుగు ఒకటి, నడుము నొప్పి, మొలతాడు కొస నాలుగంగుళాలు.

పంచె మీద మరకలు: లేవు.